చింతచెట్టెక్కిన వేటగాళ్లు

పొద్దున పుంగనూరు సంతలో ఒకాయప్ప ఉండేళ్లు అమ్ముతాంటే, ఆ రబ్బరు వాసనకే నవ్వొచ్చేసింది. తొంభైల్లో సెలవులొస్తే మన గుంపంతా సదుం పక్క గువ్వల వేటకు పోయేవాళ్లం, గుర్తుందా?

ఒకరోజు గువ్వలకని పోతే, శెనక్కాయ చేన్లోంచి అడివిపంది లేసింది. "ఎవురూ కదలద్దండప్పా, నేను కొడతా" అన్న మునెప్పే అందరికన్నా ముందు చింతచెట్టెక్కినాడు. వాని వెనకాలే మనమంతా. పంది తీరిగ్గా మన సద్దిమూటలు చించి, రాగిసంగటంతా తినేసి పోయింది. కొమ్మల మీద నవ్వాపుకోలేక సచ్చినాం.

సాయంత్రం పోయేసరికి మునెప్పోళ్లమ్మ మసాలా నూరిపెట్టుకోని వాకిట్లో నిలబడుండాది.

"ఏం తెచ్చినారప్పా?" అనింది.

"పానాలు తెచ్చినాంమా" అన్నాడు మునెప్ప.

ఆయమ్మ నవ్వి, ఆ మసాలాలోకే వంకాయలేసి, అందరికీ కడుపునిండా పెట్టింది.