డాక్టర్ సాబ్ ఇవ్వని మందు

మా డాక్టర్ సాబ్ పోయారని మొన్న భువనగిరి నుంచి ఉత్తరం వచ్చింది. అది అందేసరికి అంత్యక్రియలై నాలుగు రోజులు. ముందే తెలిసి ఉంటే వెళ్లేవాణ్నా అని నన్ను నేనే అడుగుతున్నాను.

పోలీసు చర్యకు ముందటి వేసవిలో నేను ఆయన దగ్గర కంపౌండరును. దవాఖాన వెనక రేకుల షెడ్డులో ఆయన కుందేళ్లను పెంచేవారు. సూది లేకుండా నోటితో తాగే కలరా మందు చేయాలని ఆయన పట్టుదల. చంపిన కలరా క్రిములతో చేసిన మందును సగం కుందేళ్లకు తాగించి, కొన్నాళ్లకు అన్నిటికీ బతికున్న క్రిములను ఇచ్చేవారు. మందు తాగినవాటి చెవికి ఎర్ర దారం కట్టేవారు. పొద్దున్నే వాటికి గడ్డి వేశాకే తాను చాయ్ తాగేవారు. చచ్చినదాన్ని కోసి చూసిన రోజు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

మొదటి విడతలో ఎర్ర దారం కుందేళ్లన్నీ బతికాయి. నేను సంబరపడితే ఆయన నవ్వి, "ఆశ పుట్టింది గంతే తమ్మీ. మందింక పుట్టలె" అన్నారు.

ఆ వారమే మోత్కూరు పక్కన మా అక్క వాళ్ల ఊళ్లో గత్తర లేచింది, అదే కలరా. రజాకార్ల రోజులు. బస్సులు నిలిచిపోయి పట్నం నుంచి సూదిమందు రావడం లేదు. పక్కింట్లో ఇద్దరు పోయారని చెప్పడానికి బావ చేల వెంబడి నడిచి వచ్చాడు. షెడ్డులో ఉన్న ఆ మందు సీసా ఇమ్మని నేను డాక్టర్ సాబ్‌ను బతిమాలాను.

"గా క్రిములు మొత్తం సచ్చినయో లేదో నాకే నమ్మకం లేదు. మీ అక్కకెట్ల తాగియ్యాలె?" అన్నారు. బావిలో కలపమని బావ చేతికి బ్లీచింగ్ పొడి ఇచ్చి, నీళ్లు కాచి తాగమని రెండుసార్లు చెప్పి పంపారు.

నాలుగో రోజున అక్క పోయింది.

"మీరు ఇయ్యకనే మా అక్క సచ్చింది" అన్నాను, రోగులందరి ముందు. ఆయన తల దించుకున్నారు.

తర్వాతి విడతలో ఎర్ర దారం కుందేళ్లు కూడా చచ్చిపోయాయి. గూళ్లలోంచి వాటిని తీసింది నేనే. ఆ మందు అక్కను కాపాడేది కాదని అప్పుడే అర్థమైంది. "చూసినవా" అని ఆయన ఒక్క మాట అనలేదు. నేనూ క్షమించమనలేదు. కోపం వదిలేస్తే ఏడుపు ఒక్కటే మిగిలేది నాకు. కొన్నాళ్లకు మక్తల్‌కు బదిలీ అడిగి వెళ్లిపోయాను.

చాలా ఏళ్ల తర్వాత భువనగిరి బస్టాండులో ఆయన నన్ను బస్సు కిటికీలో గుర్తుపట్టారు. చేతికర్ర పట్టుకుని దగ్గరికొచ్చి, "తమ్మీ, మంచిగున్నవా?" అన్నారు. విననట్టు ముఖం తిప్పుకున్నాను. బస్సు కదిలింది. మలుపులో వెనక్కి చూస్తే, ఆ దుమ్ములో, ఎత్తిన చెయ్యి దించకుండా ఆయన ఇంకా నిలబడే ఉన్నారు.