మంచు తగలనివ్వని ఆస్టర్లు

మొన్న ఏలూరులో నర్సరీ వ్యాను మీద, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో అప్పటికే విచ్చుకుని ఉన్న ఊదారంగు ఆస్టర్ పూలు కనబడి, కొనాల్సిన మందుల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

మండవల్లిలో మా ఇంటి ముందు కాస్తంత జాగా ఉండేది. మా అమ్మ బడిలో టీచరు. క్రిస్మస్ నాటికి తన చేత్తో పెంచిన ఆస్టర్లు చర్చిలో బల్ల మీద పెట్టాలని, బంతులూ చామంతులూ అందరూ తెచ్చేవేనని ఆవిడ ఒకటే ముచ్చటపడేది. నాన్న తాడేపల్లిగూడెం నుంచి విత్తనాలూ, వాటితోపాటు లైబ్రరీ నుంచి ఒక తోటపని పుస్తకమూ తెచ్చారు. బడికి పెద్దగా వెళ్ళని ఆయనకు అచ్చులో ఉన్న ప్రతి మాటా బైబిల్ వాక్యంతో సమానం. ఆ చదువు పిచ్చే నాకూ అబ్బింది.

లేత మొక్కలకు మంచు తగిలితే చచ్చిపోతాయని అందులో ఉంది. మంచంటే మన వైపువాళ్ళకు తెలిసింది ఒకటే కదా, కొల్లేటి మీదుగా వచ్చి తెల్లారేసరికి చూరు నుంచి బొట్లుబొట్లుగా కారేది. ఇక నాన్న పొద్దుగూకగానే మొక్కల మీద కోళ్ళ గంపలు బోర్లించి, పైన గోనెపట్టాలు కప్పి, మంచు విడిచాకే తీసేవారు. “టీచరమ్మగారూ, గంప కింద పెట్ట ఎన్ని పూలు పొదిగిందండీ?” అని పక్కింటి పిన్ని గోడ మీంచి నవ్వేది. “ఏవండీ, గాలాడక కుళ్ళిపోతాయేమోనండీ” అని అమ్మ అంటే, “పుస్తకం రాసినాయన నీకన్నా తెలీనివాడా?” అనేవారు నాన్న.

తీరా మొగ్గ తొడిగాక, గోనెల చెమ్మకు మొదళ్ళు నల్లబడి మొక్కలన్నీ ఒరిగిపోయాయి. ఆ క్రిస్మస్‌కు అమ్మ కొన్న బంతిపూలే పట్టుకెళ్ళింది. నాన్నను ఒక్క మాటా అనలేదు, మళ్ళీ ఆస్టర్ల ఊసూ ఎత్తలేదు.

చాలా ఏళ్ళకు ఏలూరు లైబ్రరీలో చలిదేశాల గురించి చదువుతుంటే తెలిసింది, ఆ పుస్తకం చెప్పిన మంచు ఆకుల మీద గడ్డకట్టుకుపోయే మంచని, అది కొల్లేటి గట్టున పడేదే కాదని. రెంటికీ మనకున్నది ఒకటే మాట. చెబుదామంటే అప్పటికే ఇద్దరూ లేరు.

ఇప్పుడు విత్తనం చల్లి మొగ్గ కోసం ఎదురుచూసేవాళ్ళు తక్కువ, మొక్క పూలతో సహా గుమ్మంలోకే వస్తోంది. నేనూ రెండు కొని రాత్రి ఆరుబయటే వదిలేశాను. పొద్దున్నే చూస్తే రేకుల నిండా మంచు, పువ్వు తలైనా వాల్చలేదు. మంచులో తడిసిన ఆస్టరు ఎంత బాగుంటుందో మా అమ్మ ఒక్కసారైనా చూడలేదు.