అటక మీది స్టీలు క్యారేజీ

మాది అరసవల్లి. చిన్నకూతురిని రాజాం ఇచ్చాము. పెళ్లైన ఏడేళ్లకు దానికి నెల తప్పింది. మంచినీళ్లు కూడా ఇమడేవి కావు. నా చేతి మిరియాల చారు ఒక్కటే లోపలికి పోతోందంటే, రోజూ పొద్దున్నే కాచి రాజాం బస్సులో పంపేదాన్ని. డ్రైవరు మా వీధివాడే.

బస్సులో పోయిన వస్తువు మళ్లీ దొరకదని, నా పెళ్లినాటి స్టీలు క్యారేజీ అటక మీదే ఉంచాను. మనవలు తిని పడేసిన ఐస్‌క్రీం డబ్బాలు కడిగి దాచే అలవాటు నాది. పొగలు కక్కే చారు వాటిలోనే పోసి మూత బిగించేదాన్ని. ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా పట్టింపు. సాయంత్రం వచ్చే డబ్బాలో ఒకరోజు రెండు పచ్చిమిరపకాయలు, ఒకరోజు గుప్పెడు మరమరాలు ఉండేవి.

ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది.

నెల తిరగకముందే, నేను రాజాంలో ఉండగా, ప్లాస్టిక్ డబ్బాలో వేడివి పోస్తే గర్భంలో బిడ్డకు విషమని టీవీలో ఒకడు అరిచాడు. కూతురు టీవీ కట్టేసింది.

"అమ్మా, నువ్వు పంపినవి ఇలాటి డబ్బాలే కదే?"

"ఆడేమన్నా డాక్టరేటి? కేకలేసుకుని బతికినోడు."

"మరి నీ క్యారేజీ ఎక్కడున్నాది?"

"అటక మీద."

"బంగారమేటే అది, దాసుకున్నావు?" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు దానికి వైద్యం చేసిన డాక్టరమ్మ దగ్గరకు ఒక్కదాన్నే వెళ్లాను.

"మామ్మగారూ, ప్లాస్టిక్ నలకలు మనుషుల ఒంట్లో, బిడ్డ మాయలో కూడా కనపడ్డాయి, నిజమే. అవి ఏం చేస్తాయో ఇంకా పరీక్షిస్తూనే ఉన్నారు. తేలనిదాన్ని తేలినట్టు టీవీవాళ్లు చెబుతున్నారు. మీ అమ్మాయి కడుపులో బిడ్డ ఎందుకు పోయిందో మాకు కారణం దొరకలేదు."

"అయితే నా డబ్బా వల్ల కాదని కాయితం మీద రాసియ్యి తల్లీ. దానికి సూపించుకుంటాను."

ఆవిడ కలం తీయలేదు. "అలా రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. డబ్బా వల్లే అనడానికీ లేదు. వేడివి మాత్రం ఇకనుంచి స్టీలులోనే పోయండి."

అరిచేవాడికి అంత తెలిస్తే, ఇంత చదువుకున్నదానికి తెలియదా అని మెట్లు దిగుతూ తిట్టుకున్నాను. బస్సెక్కాక అర్థమైంది, ఆవిడ తెలిసినంతే చెప్పింది. కానీ కూతురి ముందు పెట్టడానికి ఆ మాట సరిపోదు. వాడి కేక ముందు అది నిలబడదు.

డబ్బాలన్నీ పారేశాను. అటక మీది క్యారేజీ దించి, పచ్చి ఒంటికి మంచిదని చారు అందులోనే పంపుతున్నాను. సాయంత్రానికి తళతళా కడిగి తిరిగొస్తోంది. తాగుతోందో, పారబోస్తోందో నేను అడగలేదు. రోజూ మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూస్తాను. ఒక్క మరమరం గింజైనా ఉండదు.