పోస్టు వదిలి రోడ్డు దాటిన యాదగిరి

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది. నానక్‌రామ్‌గూడలో మేం కాపలా కాసే టవర్ ఎంత ఎత్తంటే, పై అంతస్తులో కలిపిన కాఫీ కిందికొచ్చేసరికి చల్లారిపోయేది. నేను సెక్యూరిటీ ఏజెన్సీలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. అంటే గార్డులు నిలబడతారు, నిలబడ్డారో లేదో నేను తిరిగి చూస్తాను. లాబీ టీవీలో ఎక్కడో దూరదేశపు యుద్ధం. ఒక దేశం ఇంకో దేశంలోకి సైన్యంతో ఎప్పుడు వెళ్లొచ్చో లిఫ్ట్ కోసం నిలబడ్డ ప్రతివాడూ తీర్పు చెప్పేవాడు.

మా వృత్తిలో 'పోస్ట్ అబాండన్‌మెంట్' అనే మహాపాతకం ఉంది. కాపలా చోటు వదిలి కదలడం. ఆ మధ్యాహ్నం మెయిన్ గేటు దగ్గరున్న యాదగిరి, రిటైరైన సిపాయి, అదే చేశాడు. ఎదుటి బిల్డింగ్ కడుతున్న సైట్‌లో మేస్త్రి ఒక కూలీని ఇనుప పైపుతో కొడుతుంటే రోడ్డు దాటాడు. ఆ పావుగంటలో ఊరి బర్రెలు తెరిచిన గేట్లోంచి లోపలికొచ్చాయి. మూడే. కానీ అద్దాల లాబీలో ప్రతిబింబాలతో కలిపి నాకు మూడొందలు కనిపించాయి.

టవర్ అడ్మిన్ మేనేజర్, భీమవరం పెద్దమనిషి, ఊగిపోయాడు. "పక్కవాళ్ల గొడవ మనకెందుకండీ? రిపోర్టు రాసి సాయంత్రంలోగా అతన్ని తీసేయండి."

ఇన్సిడెంట్ రిపోర్టు, అంటే జరిగింది జరిగినట్టు రాసే కాగితం, ముందు పెట్టుకుని యాదగిరిని కూర్చోబెట్టాను.

"ఎందుకు వెళ్లావయ్యా?"

"కూలాయన భార్య రోడ్డు మీదికొచ్చి నన్నే పిల్చింది సార్."

"వాళ్ల గేటుకు వాచ్‌మన్ లేడా?"

"ఉన్నడు. ముందు ఆయన్నే అడిగిన. 'మా సైట్ లోపలి ముచ్చట, నీకేంది?' అన్నడు. పోలీసులకు ఫోన్ కొట్టిన, వస్తున్నమన్నరు. పైపు ఆగలే."

"నువ్వు కొట్టావా?"

"పైపు గుంజుకున్న. కొట్టబుద్ధయింది. కొట్టలే. పోలీసులు రాంగనే వాపసొచ్చిన."

నా పెన్ను ఆగిపోయింది. లాబీ పండితులు నెలరోజులుగా తేల్చనిది ఇతనికేమైనా తెలుసేమో! "అయితే దేశాలు కూడా ఇట్లాగే వెళ్లొచ్చంటావా?"

యాదగిరి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "శాంతిసేనతోని పరదేశం పోయిన సార్. మేం కంచె లోపల, బయట ఊరు కాలుతున్నది. జనం కంచె పట్టుకొని పిల్చిండ్రు. ఆర్డర్ రాలే. నిలబడ్డం." రిపోర్టు కాగితం నా వైపు జరిపాడు. "అట్లని పోవుడు మంచిదే అనను. పోయినోళ్లంతా మమ్మల్ని పిల్చిండ్రనే చెప్తరు. పిల్చినోళ్లను అడగాలె."

ఇరవై ఏళ్ల సర్వీసులో నాకెవరూ ఇంత పొట్టి ఆర్డర్ వేయలేదు. లేచి నేనూ రోడ్డు దాటాను.

కూలీ భార్య రేకుల షెడ్డు ముందు భర్త చేతికి కట్టు సరిచేస్తోంది.

"మా గార్డును పిలిచింది నువ్వేనామ్మా?"

"నేనే. రాకుంటే నా మనిషి దక్కకపోతుండె." నన్ను ఎగాదిగా చూసింది. "పట్టుకపోయిన మేస్త్రిని పోలీసులు పొద్దుగూకంగనే ఇడ్సిపెడ్తరంట. రేపు పిలిస్తే మీ గార్డు మళ్ల వస్తడా?"

వెనక్కొచ్చి రిపోర్టులో 'తీసుకున్న చర్య' అన్న చోట "గార్డును కొనసాగించాలి" అని రాశాను.

"తీసేయమన్నాను కదండీ!" అన్నాడు మేనేజర్.

"తీసేస్తాను సార్. రేపు ఎవరిని పిలవాలో ఆమెకు మీరొక్కసారి చెప్పి రండి."

యుద్ధం ఎప్పుడు న్యాయమో నాకిప్పటికీ తెలియదు. వెళ్లినవాళ్ల కారణాలు వినే ముందు, పిలిచారంటున్నవాళ్లను వెతకడం మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను. మేనేజర్ అద్దంలోంచి రోడ్డు అవతలికి చూశాడు. వెళ్లలేదు. "గేటుకు ఇంకో గార్డుని కూడా వేయండి," అన్నాడు. "ఈసారి యాదగిరి వెళ్తే ఇక్కడ ఖాళీ ఉండకూడదు."