తప్పు లేని మనిషికి మాఫీ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది నన్ను మలేషియాలోని క్లాంగ్ శాఖకు, వసూళ్ల విభాగం సీనియర్ అధికారిగా బదిలీ చేశారు. ఉద్యోగ బీమా కార్యాలయంలో అది ఎవరూ కోరి తెచ్చుకునే సీటు కాదు. పని పోయినవాళ్లకు కొన్ని నెలలు భృతి మంజూరు చేసే విభాగం పై అంతస్తులో ఉండేది. అర్హతకు మించి తీసుకున్నారని తేలితే ఆ డబ్బు తిరిగి రాబట్టేది మేము. పైనుంచి దిగేవాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవారు. మా కౌంటర్ ముందు కూర్చున్నవాళ్లెవరూ నవ్వేవారు కాదు.

మా పద్ధతి ఇది. ఉద్యోగి పేరున యజమాని ప్రతి నెలా బీమా చందా కడతాడు. భృతి తీసుకుంటున్నవాళ్ల పేర్లను, చందా పడుతున్నవాళ్ల పేర్లతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. ఒకే పేరు రెండు వైపులా కనబడితే, ఆ మనిషి పనిలో ఉంటూనే భృతి తిన్నట్టు లెక్క. వసూలు నోటీసు దానంతటదే తయారై తపాలాలో వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆ ఫైలు మూడు రకాలుగా ముగియవచ్చు. డబ్బు కట్టించుకోవడం వసూలు. బాకీ నిజమే అయినా వదిలేయడం మాఫీ. అసలు బాకీయే లేదని తేల్చడం రద్దు. బయటివాళ్లకు చివరి రెండూ ఒకటేలా కనిపిస్తాయి. మాఫీ అయితే మనిషి పేరు తప్పుడు ప్రకటన ఇచ్చినవాళ్లలోనే ఉండిపోతుంది, మళ్లీ ఎప్పుడైనా పని పోతే భృతికి అదే అడ్డం. రద్దయితే ఏ మచ్చా ఉండదు.

నేను చేరిన కొత్తలోనే దగ్గరలోని బంటింగ్ ఊరి నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. గ్లౌజుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. కరోనా తగ్గి గ్లౌజులకు గిరాకీ పడిపోయాక వాళ్ల లైను మూసేసి అందరినీ పంపేశారు. మా కార్యాలయమే ఆవిడకు భృతి ఇచ్చింది. ఇప్పుడు మా కార్యాలయమే ఆ భృతంతా తిరిగి కట్టమంటూ నోటీసు పంపింది. నేను మలాయ్‌లో మొదలుపెట్టాను. గుర్తింపు కార్డు మీద అప్పలనాయుడు కూతురు అని చూసి తెలుగులోకి మారాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. మేడమ్ అనడానికి మాత్రం మలాయ్ మాటే వాడింది, పువాన్ అని.

"నాను ఆ ఫేక్టరీ గేటు దాటి ఏడాది అవుతాది, పువాన్. ఆలే పొమ్మన్నారు, మళ్లీ పిలవనేదు. నాను పని సేసినానని మీ కంప్యూటర్ ఎలా సెప్తాది?"

ఫ్యాక్టరీ నీ పేరున చందా కట్టింది అన్నాను.

"ఎందుకు కట్టినారో ఆలని అడగండి. నన్ను అడిగితే నాకేటి తెలుస్తాది?"

అంత సూటి ప్రశ్న నోటీసు పంపేముందు మా శాఖలో ఎవరికీ తోచలేదు. యజమాని కట్టిన చందా నిజం, కార్మికురాలి మాట అనుమానం. అదీ మా లెక్క. పాత మోటార్ సైకిల్ అమ్మితే తప్ప కట్టలేనని, అది పోతే ఇప్పుడు చేస్తున్న క్యాంటీన్ పనికి పోయే దారి లేదని ఆవిడ చెప్పింది. జాలి పడమని అడగలేదు. కనుక్కోమని మాత్రం అడిగింది.

తనిఖీ అధికారిని వెంటబెట్టుకుని నేనే ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆవిడ పనిచేసిన షెడ్డులో విరిగిన ట్రేలు, తుప్పు పట్టిన గొలుసులు గుట్టగా పడి ఉన్నాయి. మునియాండి అనే సూపర్‌వైజర్ మమ్మల్ని తిప్పి చూపించాడు. ఈ లైను ఎప్పుడో ఆపేశామని తమిళంలో అన్నాడు. మరి ఇక్కడివాళ్ల పేరున చందా ఎందుకు పడుతోందని అడిగాను. క్యాంటీన్ ఎటువైపో చెప్పినంత మామూలుగా చెప్పాడు: విదేశీ కూలీలకు పర్మిట్ రావాలంటే ఇన్ని స్థానిక పేర్లు చూపించాలి, అందుకని పాతవాళ్ల పేర్లు తీసేయవద్దని ఆఫీసు నుంచి చెప్పారు. అదే మాట రాసి ఇస్తావా అంటే ఇవ్వనన్నాడు. అతని ఉద్యోగం అతనికి కావాలి. నేను ఒత్తిడి చేయలేదు.

మేనేజరును చట్ట ప్రకారం విచారణకు పిలిచాను. ఆ నెలల్లో నూకరత్నానికి జీతం ఇచ్చినట్టు ఏ ఒక్క ఆధారమైనా చూపించమన్నాను. చూపించలేకపోయాడు. గుమస్తా పొరపాటు అని రాసి సంతకం పెట్టి, ఎయిర్‌కండిషన్డ్ కారెక్కి వెళ్లిపోయాడు. బతుకుతెరువు పోయిన మనిషి పేరును తన లాభానికి వాడుకుని, ఆవిడను దొంగగా నిలబెట్టినవాడికి అది పొరపాటు. ఆ మాట ఇప్పుడు రాస్తున్నా నాకు ఒళ్లు మండుతుంది.

నోటీసు రద్దు చేయాలని, కంపెనీ మీద కేసు పెట్టాలని నివేదిక రాశాను. శాఖ కమిటీ కూర్చుని మాఫీ ఇచ్చింది. మా శాఖాధిపతి తాను దయగలవాడిననే నమ్మకంతోనే నాకా సంగతి చెప్పాడు. ఆమె పైసా కట్టక్కర్లేదు కదా, ఇంకేం కావాలి అన్నాడు.

ఏం కావాలో ఆయనకూ తెలుసు. రద్దు చేస్తే ఏడాది చివరి సమీక్షలో అది శాఖ తప్పుగా లెక్కకు వస్తుంది. మాఫీ చేస్తే శాఖ కనికరంగా లెక్కకు వస్తుంది. రద్దు చేస్తే చందాలు దొంగవని ఒప్పుకున్నట్టు, అప్పుడు కంపెనీని వదలడానికి వీల్లేదు. మాఫీలో కంపెనీ ప్రస్తావనే ఉండదు. అందరూ క్షేమంగా బయటపడే దారి అది, ఆవిడ తప్ప.

మాఫీ అమలులోకి రావాలంటే లబ్ధిదారు అంగీకార పత్రం మీద సంతకం చేయాలి. నూకరత్నాన్ని పిలిపించాను. మలాయ్‌లో ఉన్నదాన్ని తెలుగులో చెప్పమంది. అర్హతకు మించి భృతి తీసుకున్నానని ఒప్పుకుంటున్నాను, అన్న దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"ఇది నాను సంతకం ఎట్టను, అక్కా," అంది. అంతదాకా పువాన్ అన్న మనిషి. "తప్పు సేసినోలిని వదిలెయ్యాలి. నాను ఏటి సేసినానని నన్ను వదిలెడతారు?"

సంతకం లేకపోతే మాఫీ చెల్లదని, వసూలు మళ్లీ మొదలవుతుందని స్పష్టంగా చెప్పాను. అది చెప్పడం నా విధి. ఆవిడ పత్రాన్ని నా వైపుకు నెట్టింది.

"అయితే బండి అమ్మెత్తాను, బస్సులో పోతాను. దొంగనని నా సేత్తో రాసి ఇవ్వను. మా ఆయన తరపోలు ఇప్పటికే అంటన్నారు, ఊరికే ఎవులైనా నోటీసు ఇస్తారా అని. రేపు ఈ కాయితం సూస్తే ఇంకేటంటారు?"

అధికారిగా నేను ఆవిడ తరపున వాదించకూడదు. కానీ అప్పీలు హక్కు ఉందని చెప్పి తీరాలని నిబంధన ఉంది. చెప్పాను. దరఖాస్తు ఎలా నింపాలో చూపిస్తే ఆవిడ నింపి ఇచ్చింది. అప్పీలు బోర్డుకు వెళ్లే ఫైలులో నా నివేదిక, మేనేజరు వాంగ్మూలం రెండూ ఉంచాను. శాఖాధిపతి పిలిచి, నువ్వు ఎవరి అధికారివి అని అడిగాడు. నివేదిక తీసేస్తే ఫైలు అసంపూర్ణం అవుతుంది, తీసేయమని మీరు రాతపూర్వకంగా ఆదేశిస్తే తీసేస్తాను అన్నాను. ఆయన రాయలేదు. ఆ తర్వాత నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నా పదోన్నతి ప్రతిపాదన కూడా ఆయన బల్ల దాటి పోలేదు.

విచారణకు ముందే ప్రధాన కార్యాలయపు న్యాయ విభాగం ఫైలు చదివింది. బోర్డు ముందు నిలబడలేమని వాళ్లకు అర్థమైంది. నోటీసు రద్దయింది. కంపెనీకి జరిమానా వేశారు. కోర్టుకు లాగకుండా జరిమానాతో ముగించే ఏర్పాటు చట్టంలోనే ఉంది. కంపెనీవాళ్లు కట్టేసి పని కానిచ్చుకున్నారు. కబురు చెప్పడానికి ఫోన్ చేస్తే నూకరత్నం, "ఆ మాట కాయితం మీద పంపండి అక్కా, సూపించాల్సినోలు ఉన్నారు," అంది.

నాకు కోపం చల్లారనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. అదే ఫ్యాక్టరీ అలాగే వాడుకున్న పేర్లు మరికొన్ని ఉన్నాయి. వాళ్లలో కొందరు నోటీసుకు భయపడి వాయిదాల మీద కట్టేస్తున్నారు. ఒకావిడ నగలు తాకట్టు పెట్టి మొత్తం కట్టేసింది. వాళ్లందరికీ మనమే ఉత్తరం రాసి డబ్బు వెనక్కి ఇవ్వాలని పైకి రాశాను. అడిగినవాళ్లకు ఇస్తాం అని జవాబు వచ్చింది. అడగవచ్చని వాళ్లకు ఎవరు చెప్తారు? కట్టమనడానికి వాళ్ల చిరునామాలు మా దగ్గర ఉన్నాయి. తిరిగి ఇవ్వడానికి మాత్రం వాళ్లే మమ్మల్ని వెతుక్కుంటూ రావాలి. చివరికి నూకరత్నమే తనతో పనిచేసినవాళ్ల ఇళ్లకు పోయి ఒక్కొక్కరినీ మా కౌంటర్‌కు తీసుకొచ్చింది. నేను రిటైరయ్యేదాకా వస్తూనే ఉన్నారు. రానివాళ్ల డబ్బు ఇంకా సంస్థ ఖాతాలోనే ఉంది.

కార్మికుడికి నోటీసు పంపేముందు, చందా కట్టిన యజమానిని జీతం ఇచ్చిన ఆధారం చూపించమని అడగాలని నేను ప్రతిపాదన పెట్టాను. పరిశీలిస్తామన్నారు. నా సర్వీసు ముగిసేనాటికి అది అమలు కాలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పినది ఒకటే. బాకీ నిజంగా ఉన్నచోట మాఫీ మంచి నిబంధనే, దాన్ని చాలామందికి నేనే సిఫారసు చేశాను. బాకీ లేనిచోట మాఫీ ఇవ్వడమంటే, కార్యాలయం చేసిన తప్పుకు నిర్దోషి చేత సంతకం పెట్టించుకోవడం.