చిట్టచివరి పాఠం వినే మనిషి

మొన్న అనంతపురం బస్టాండులో చార్జర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే ఒకాయన అగ్గిపెట్టెంత పాటల ప్లేయరును నా చేతిలో పెట్టి, "విని చూడక్కా" అన్నాడు. చెవిలో పెట్టుకోగానే రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు పల్చటి పాట, ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన. మొదటి పాట ఆపేసి, మీట నొక్కుకుంటూ చివరి పాట దాకా పోయాను. "ఇట్ల చూసేవాళ్ళు నాకు యాడా తగల్లేదక్కా" అని ఆయన విసుక్కున్నాడు. నాకు తగిలారు. ఆయన పేరు మస్తాన్ సార్.

సార్‌ది ముదిగుబ్బ. చిన్నప్పుడే అమ్మవారు పోసి చూపు పోయింది. నేను ఉద్యోగంలో చేరిన అంధుల పాఠశాలలో ఆయన సోషల్ చెప్పేవారు, హాస్టలు సరుకులు కూడా ఆయనే చూసుకునేవారు. బియ్యం మూట వస్తే చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి వాసన చూసేవారు. "పైనుండే బియ్యం చూపిచ్చేదానికమ్మా. మన పిల్లోళ్ళు తినేది అడుగుది" అనేవారు. కిరాణా అతను నవ్వినా నవ్వకపోయినా ఆ చేయి ఆగేది కాదు. మనిషికి ఇంత అనుమానమేమిటి అని మేమంతా చాటుగా అనుకునేవాళ్ళం. చూపు లేకపోవడం వల్లే అని కూడా ఒకసారి నేను అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎంపీత్రీ ప్లేయర్లు ఊళ్ళలోకి కొత్తగా దిగిన రోజులవి. మా పదో తరగతి పిల్లలకు తలా ఒకటి ఇప్పిస్తానని ఒక నూనె మిల్లు యజమాని ముందుకొచ్చాడు. పాఠాలన్నీ నేనే చదివి కంప్యూటర్‌లో రికార్డు చేశాను. రెండు నెలలు గొంతు బొంగురుపోయేలా చదివాను. ప్లేయర్లు ఎక్కడ కొనాలన్న మాట వచ్చినప్పుడు, ఉరవకొండలో ఒకతను చవకగా ఇస్తాడని హెడ్మాస్టరుకు చెప్పాను. అతను నా తమ్ముడు రమణ అని మాత్రం చెప్పలేదు. వరుసగా రెండేళ్ళు శనక్కాయ ఎండిపోయాక నాయన సేద్యం వదిలేశాడు. ఇంట్లో అందరి ఆశా తమ్ముడు పెట్టిన సెల్‌ఫోన్ల అంగడి మీదే ఉంది. మంచి వస్తువు తక్కువ ధరకు ఇస్తుంటే చుట్టరికం ఎందుకు బయటపెట్టడం అనుకున్నాను.

రమణ నమూనాగా ఒక ప్లేయరు తెచ్చాడు. స్టాఫ్‌రూములో అందరూ తలా ఒక పాట విని బాగుందన్నారు. సార్ పాట వినలేదు. ప్లేయరును అరచేతిలో తిప్పుతూ మీటలన్నీ వేలితో తడిమారు.

"ఏమప్పా, ముందుకు పోయే మీట, ఆపే మీట ఒకే తీరుగా ఉండాయే. మా పిల్లోళ్ళు ఎట్ల గుర్తు పట్టాల?"

"అలవాటైపోతాది సార్."

"ఆపి మళ్ళీ పెడితే, ఆపిన కాడినుంచే పలుకుతుందా?"

"పలుకుతుంది సార్, గ్యారంటీ."

"పాఠాలన్నీ పడతాయా?"

"ఇంకా జాగా మిగులుతుంది సార్. పైన రాసుండాది కదా."

"రాసింది నేను చదవలేను గదప్పా" అని సార్ నవ్వారు. నా వైపు తిరిగి, "శాంతమ్మా, నీ పాఠాలన్నీ దీంట్లోకి ఎక్కించు. వారం నా దగ్గర పెట్టుకుంటా" అన్నారు. రమణ ముఖం మాడిపోయింది. నాకూ కోపం వచ్చింది. ఆర్డరు ఇవ్వడానికి సిద్ధమైన హెడ్మాస్టరు సార్ మాట కాదనలేక ఆగిపోయారు.

ఆ వారమంతా సార్ ఎక్కడ కూర్చున్నా చెవిలో నా గొంతే. తెలుగు అయింది, సోషల్ అయింది. కావాలనే లోపాలు వెతుకుతున్నారని ఆయన్ను అనుమానించాను, నాసిరకం అంటగట్టాడేమోనని రమణను అనుమానించాను. ఏడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచి, ఒక ఇయర్‌ఫోను నా చేతికిచ్చారు.

"లెక్కల్లో చివరి పాఠం. విను."

పాఠం పేరు తెర మీద ఉంది, నిమిషాలు కదులుతున్నాయి, మాట లేదు. దాని ముందు పాఠమూ అంతే. సైన్స్ సగం నుంచి మొత్తం మూగ. పైన రాసినంత జాగా లోపల లేదు. ఉన్నట్టు చూపించడం మాత్రమే దానికి తెలుసు. రెండు నెలల నా చదువులో సగం అందులో పడనే లేదు. పరీక్షల ముందు ఆ పాఠాల కోసం వెతుక్కునే పిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"మొదటి పాట అందరూ వింటారమ్మా. మోసం చేసేవానికి అది తెలుసు" అన్నారు సార్. ప్లేయరు ఆపి, "ఆ పిల్లోడు నీకేమైతాడు?" అని అడిగారు.

"తమ్ముడు సార్. మీకెవరు చెప్పినారు?"

"నువ్వే చెప్పినావు. వాడు లోపలికి వస్తానే 'ఏంరా' అనబోయి మింగి, 'రండి' అన్నావు. ముక్కుమొగం తెలియని వాళ్ళతో అట్ల ఎవరూ తడబడరు."

ఏడ్చాను. సార్ ఓదార్చలేదు. "నేను హెడ్మాస్టరుకు ప్లేయరు సంగతి చెప్తా. తమ్ముని సంగతి నువ్వే చెప్పాల" అని లేచి క్లాసుకు వెళ్ళిపోయారు.

ముందు ఉరవకొండ బస్సెక్కాను. "నీకు తెలిసే తెచ్చినావా?" అని రమణను నిలదీశాను. అద్దం బల్ల తుడుస్తూ తలెత్తలేదు వాడు. "బెంగుళూరులో అందరూ ఇవే కొంటాండారక్కా. చివరిదాకా ఎవరు వింటారు?" అన్నాడు. అంతకంటే జవాబు నాకు అక్కర్లేకపోయింది.

మర్నాడు హెడ్మాస్టరు ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన కొనుగోళ్ళు చూసేవాళ్ళ జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. ప్లేయర్లు వేరే చోట కొన్నారు. వాటిని సార్, నేను ఒక్కొక్కటీ చివరిదాకా విని పిల్లలకిచ్చాం. రమణ రెండేళ్ళు మా ఇంటి గడప తొక్కలేదు. నాయన కూడా నన్నే తప్పుపట్టాడు.

పదవీ విరమణకు ముందు సార్ వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడి, సరుకులు చూసే పని నాకు ఇప్పించారు. "తమ్ముని మీద నిజం చెప్పిన మనిషి సార్, బియ్యం మీద అబద్ధం చెప్పదు" అన్నారట. ఆ మాట నాకు హెడ్మాస్టరు చెప్పారు గానీ, సార్ తన నోటితో ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. నన్నూ అనుమానపు మనిషి అంటారని తెలుసు. అననీ. ఏది కొనాలన్నా మీటింగులో మొదట లేచి, అమ్మేవాళ్ళలో నాకు చుట్టాలెవరున్నారో చెప్పేస్తాను. ఆ తర్వాతే పెట్టె విప్పమంటాను.