దవడ ఆనించి విన్న కాకా

మా నగరంలోనే అడాజన్ పేటలో పాత బేస్ గిటార్ ఒకటి తక్కువ ధరకు ఉందని మొదట చెప్పింది మా తమ్ముడు శ్రీకాంత్. అమ్మ దగ్గర నేర్చుకున్న భజనలు నేను ఇంట్లోనే పాడి రికార్డు చేస్తుంటాను. మా బాపుకు అవి వినబడవు. ఏళ్ళ తరబడి విన్న మరమగ్గాల మోతకు ఆయన చెవులు దెబ్బతిన్నాయి, సన్నని గొంతు అందదు. లావు తీగల మంద్రస్వరమైనా అందుతుందేమోనని నా ఆశ. నచ్చకపోతే సాయంత్రానికి తెచ్చిచ్చెయ్యమన్నారు అమ్మేవాళ్ళు.

మా ఇల్లున్న బమ్రోలి వెళ్ళే బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని మీటాను. స్పీకర్ లేకపోతే దోమంత కూడా పలకడం లేదు. స్పీకర్ కొనే స్తోమత మాకు లేదు. తిరిగిచ్చేద్దామనుకున్నాను.

పక్క సీటు పెద్దాయన వంగి చూశాడు. “గిదేంది బిడ్డా? పెండ్లి వంటకు తెడ్డు పట్కపోతున్నవా?”

నవ్వొచ్చింది. బాపు సంగతి చెప్పాను. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

“నాయి గూడ మగ్గాల చెవులే. జర మీటు.”

ఆయన గిటార్ చెక్కకు దవడ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లావు తీగ మీటాను.

“ఇంకోసారి,” అన్నాడు. మళ్ళీ, “ఇంకోసారి.”

“మీరు ఎక్కడ దిగాలె కాకా?” అని గట్టిగా అడిగాను.

“నా స్టాప్ ఎప్పుడో పోయింది. నువ్వు మీటు బిడ్డా. బొక్కలకు వినబడుతున్నది,” అంటూ దవడ ఎముక తట్టి చూపించాడు.

గిటార్ తిరిగివ్వలేదు. ఇప్పుడు నేను రికార్డు చేస్తుంటే బాపు పక్కనే కూర్చుని, చెక్కకు దవడ ఆనించి, తొడ మీద తాళం వేస్తాడు. ఆ రోజు బస్సులో నా పక్క సీటులో ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. మీరు దీపం వెలిగించేటప్పుడు, స్టాప్ దాటినా లేవని ఆ కాకాను ఒక్కసారి తలుచుకోండి.